గుణకం ఒక్కటి దొరికితే

మొన్న కిటికీ అద్దాలు తుడుద్దామని కొత్త సీసా మూత తీశాను. అమ్మోనియా వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. అంతే, చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. మనసు మాత్రం ఎప్పుడో వదిలేసి వచ్చిన డ్రాయింగ్ ఆఫీసులో, ఆ ప్రింట్ గదిలోకి పోయి నిలబడింది.

ఆ గది ఎలా ఉండేదో తెలిసినవాళ్ళు ఇప్పుడు తక్కువ. ట్రేసింగ్ కాగితం మీద ఇంకుతో గీసిన ప్లానును, పసుప్పచ్చ పూత పూసిన కాగితం మీద పరిచి, రెంటినీ కలిపి దీపం వెలుగు పడేలా యంత్రంలోకి పోనిచ్చేవాళ్ళం. వెలుగు తగిలినచోట పూత చచ్చిపోయేది, గీతల నీడ పడ్డచోట మిగిలేది. ఆ మిగిలినదానికి అమ్మోనియా ఆవిరి తగిలితే గీతలు నీలంగా తేలేవి. కళ్ళు మండేవి, గొంతు గరగరలాడేది, అయినా వెచ్చవెచ్చగా బయటికొచ్చిన ప్రింటును విప్పి చూసుకోవడంలో ఏదో ఆనందం ఉండేది. ఇంటికెళ్ళాక కూడా చొక్కాకు అదే వాసన.

పక్క హాల్లో వరసగా డ్రాయింగ్ బోర్డులు. టీ స్క్వేర్ బోర్డు అంచు వెంట జారే చప్పుడు, తప్పు పడ్డ ఇంకు గీతను బ్లేడుతో గీకే చప్పుడు, అంతకు మించి పెద్దగా ఏమీ వినపడేది కాదు. మా పనిలో సగం గీయడం, సగం వైశాల్యాలు లెక్కకట్టడం. ఆ లెక్కలో మళ్ళీ సగం, ఒక కొలతలో ఉన్నదాన్ని ఇంకో కొలతలోకి మార్చడం. ఒకరికి చదరపు మీటర్లు కావాలి, ఒకరికి చదరపు అడుగులు, ఇంకొకరు ఎకరాల్లో చెబితే తప్ప వినరు. నేల అదే, దాని మీద ఒక్క పూచిక పుల్ల కూడా కదలదు, కానీ కాగితం మీద అంకెలు మాత్రం మనిషికో రకంగా ఉండాలి.

*

నేను చేరిన మొదటి వారం. మా విభాగంలో ఒక పెద్దాయన ఉండేవారు, అందరం గురువుగారూ అనేవాళ్ళం. నా ముందు ఒక పొడుగాటి పట్టిక పెట్టి, "ఇవన్నీ హెక్టార్లు, ఎకరాల్లోకి మార్చి పట్టుకురా" అన్నారు. నలభై దాకా ఉన్నాయి. నేను చిన్నప్పుడు నేర్చుకున్న త్రైరాశికం మొదలుపెట్టాను. ఒక హెక్టారుకు 2.471 ఎకరాలైతే 3.6 హెక్టార్లకు ఎన్ని? ఒక హెక్టారుకు 2.471 ఎకరాలైతే 7.25 హెక్టార్లకు ఎన్ని? ప్రతి లెక్కకూ మూడు అంకెలు రాయడం, అడ్డగీత గీయడం, ఒకటితో భాగించడం కూడా రాయడం.

ఆయన వెనక నిలబడి కాసేపు చూశారు. "ఏవోయ్, నలభై లెక్కలు చేస్తున్నావా? ఇక్కడున్నది ఒక్క లెక్కేగా" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన నా కాగితం తీసుకుని అన్ని వరసల్లోనూ ఉన్న 2.471 చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టారు. కాగితం నిండా సున్నాలే. "ఇది మారుతోందా?" మారట్లేదు. "మారనిదాన్ని నలభైసార్లు ఎందుకు కనిపెడతావు? ఒకసారి పట్టుకో, చేతిలో పెట్టుకో, ఇక గుణించుకుంటూ పో."

త్రైరాశికాన్ని నేను చిన్నబుచ్చడం లేదు. ఆ మాటంటే నాకు ఇప్పటికీ ఇష్టం. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని మూడు రాశులు. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుందని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే శ్లోకంలో చెప్పేశాడు. మనకు కావలసిన రాశికి 'ఇచ్ఛ' అని పేరు పెట్టడం ఎంత బాగుందో. బడిలో మాస్టారు ఆ మూడు మాటలనూ పాటలాగా చెప్పించేవారు, అర్థమైనా కాకపోయినా నోటికి వచ్చేసేవి. అయితే త్రైరాశికం ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబిస్తుంది. గురువుగారు చూపించింది అదే లెక్కకు రెండో ముఖం. ఫలాన్ని ప్రమాణంతో ముందే భాగించి పక్కన పెట్టుకుంటే, ఆ రెండు రాశుల మధ్య ఇక అడగబోయే ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోనే ఉంది. పాఠ్యపుస్తకంలో దాన్నే అనులోమానుపాతం అన్నారు, ఆ స్థిరాంకానికి కే అని పేరు పెట్టారు. పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఆ సున్నాల కాగితం చూసేదాకా అది నాకు లోపలికి ఎక్కలేదు.

*

మర్నాడు ఒక గ్రాఫు కాగితం ఇచ్చారు. అడ్డంగా హెక్టార్లు, సున్నా నుంచి వంద. నిలువుగా ఎకరాలు, సున్నా నుంచి రెండువందల యాభై. "వంద హెక్టార్లకు ఎన్ని?" 247.1. "చుక్క పెట్టు." పెట్టాను. "ఇప్పుడు గీత గియ్యి."

ఒక్క చుక్కతో గీత ఎలా గీస్తామండీ అన్నాను. రెండో చుక్క కావాలిగా.

"రెండోది ఎవరూ ఇవ్వక్కర్లేదు. ఏమీ లేని నేల హెక్టార్లలో ఎంత? సున్నా. ఎకరాల్లో? సున్నా. మూల నుంచి లాగు."

గట్టి పెన్సిల్‌ను సన్నగా చెక్కి మూలబిందువు నుంచి ఆ చుక్క దాకా ఒక్క గీత లాగాను. ఆ కాగితం చాలాకాలం మా గోడ మీద ఉంది. నాలుగు మూలలా పిన్నులు గుచ్చి గుచ్చి చిల్లులు పెద్దవయ్యాయి. ఎవరికైనా సుమారు లెక్క కావాలంటే స్కేలు ఆనించి చూసుకుని పోయేవాళ్ళు. ఆ గీత ఎంత ఏటవాలుగా ఉందో అదే 2.471. అంకెగా తెలిసినదాన్ని వాలుగా కంటితో చూడటం నాకు అదే మొదలు.

అదే రోజు ఇంకో మాట కూడా చెప్పారు. గోడకున్న థర్మామీటర్ చూపించి, "ఇదీ ఒక కొలత నుంచి ఇంకో కొలతకు మార్చడమేగా, మరి ఇది కూడా అలాగే వస్తుందా?" అని అడిగారు. వస్తుంది అన్నాను తొందరపడి. రాదు. సెల్సియస్ సున్నా దగ్గర ఫారెన్‌హీట్ 32 ఉంటుంది. సెల్సియస్ పది అయితే అది యాభై, ఇరవై అయితే అరవై ఎనిమిది. ఇది రెట్టింపయింది, అది కాలేదు. అదీ తిన్నని గీతే, కాకపోతే మూల నుంచి బయలుదేరదు. మూల నుంచి బయలుదేరితేనే 'ఇది రెట్టింపయితే అదీ రెట్టింపు' అనే మాట నిలుస్తుంది. వైశాల్యానికి ఆ హామీ ఉంది, సగం పొలం ఏ కొలతలో చూసినా సగం పొలమే.

*

కొత్తవాళ్ళందరికీ ఒకటే టెన్షన్, గుణించాలా భాగించాలా అని. నాకూ ఉండేది. 2.471తోనా, 0.4047తోనా? ఒకదాన్ని ఇంకోదానితో గుణిస్తే ఒకటి వస్తుంది, అటు వెళ్ళే గుణకానికి ఇటు వచ్చే గుణకం విలోమం, అంతా తెలుసు. అయినా చేయి కాగితం మీద పెట్టేసరికి తికమక.

గురువుగారు అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టి, "ఈ బల్ల ఎన్ని అగ్గిపెట్టెలంత ఉంటుంది?" అని అడిగేవారు. వందలు. "ఎన్ని డ్రాయింగ్ షీట్లంత?" రెండో మూడో. "మరి? చిన్నదానితో కొలిస్తే పెద్ద అంకె." అంతే చెప్పేవారు. ఎకరం హెక్టారు కంటే చిన్నది కాబట్టి ఎకరాల అంకె పెద్దదిగా రావాలి. ఇందులో ఒక మెలిక ఉంది, అది నాకు కొన్నాళ్ళకు గానీ తట్టలేదు. ఒకే నేలను రకరకాల కొలతలతో కొలుస్తూ పోతే, కొలత పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది, అది విలోమానుపాతం. రెండు కొలతల్ని ఖాయం చేసుకుని నేలను మారుస్తూ పోతే, రెండంకెలూ కలిసి పెరుగుతాయి, అది అనులోమానుపాతం. ఈ రెండూ ఒకే లెక్కలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టే మనిషి తడబడతాడు. ఏది కదులుతోంది, ఏది ఆగి ఉంది అని ఒకసారి చూసుకుంటే తడబాటు పోతుంది.

*

నా తప్పు ఒకటి చెప్పాలి.

ఒక హాలు నేల వైశాల్యం 310 చదరపు గజాలని తేలింది. చదరపు అడుగుల్లో కావాలన్నారు, పలకలు లెక్కపెట్టడానికి. ఒక్కో పలక అడుగు పొడవు, అడుగు వెడల్పు. గజానికి మూడడుగులు కదా అని మూడుతో గుణించి 930 అని రాసిచ్చాను. గుణకం ఒకసారి పట్టుకుంటే చాలు అన్న మాట బాగానే తలకెక్కింది, ఏ గుణకం అన్నది ఆలోచించలేదు. 930 పలకలే వచ్చాయి. పనివాళ్ళు గోడ మూల నుంచి పరుచుకుంటూ వచ్చారు, హాల్లో మూడోవంతు దగ్గర అయిపోయాయి. మిగతా రెండువంతులూ ఉత్త నేల.

నన్ను తీసుకుని గురువుగారే వెళ్ళారు. దారిలో ఒక్క మాట అనలేదు. అక్కడికెళ్ళి సుద్దముక్కతో ఆ ఉత్త నేల మీద గజం పొడవు, గజం వెడల్పు చతురస్రం గీశారు. పరిచిన పలకల్లోంచి ఇంకా అతకనివి తెమ్మన్నారు. "పెట్టు." ఒకటి, రెండు, మూడు, ఒక వరస అయింది. నేను ఆగిపోయాను. చతురస్రంలో ఇంకా ఎంత ఖాళీ ఉందో కనపడుతోంది. "ఆగావేం, పెట్టు." ఇంకో మూడు. ఇంకో మూడు. తొమ్మిది పలకలు సుద్దగీత అంచుకు సరిగ్గా ఆనాయి. ఆ తొమ్మిదో పలక కింద పెట్టేటప్పుడు చేతివేళ్ళకు తగిలిన సున్నం పొడి నాకిప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

రావలసింది 2,790. పొడవుకు గుణకం మూడైతే వైశాల్యానికి దాని వర్గం, తొమ్మిది. మీటరుకు 3.2808 అడుగులైతే చదరపు మీటరుకు 10.764 చదరపు అడుగులు. మీటరుకు వంద సెంటీమీటర్లైతే చదరపు మీటరుకు పదివేల చదరపు సెంటీమీటర్లు. ఇంత పెద్ద సంగతిని నేను బడిలో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. భుజం రెట్టింపయితే వైశాల్యం నాలుగింతలు అని కూడా చదివాను. వైశాల్యం భుజానికి అనులోమానుపాతంలో ఉండదు, భుజం వర్గానికి ఉంటుంది. వైశాల్యానికీ వైశాల్యానికీ మధ్య మాత్రమే ఆ తిన్నని గీత. తిరిగి వచ్చాక కూడా ఆయన కోప్పడలేదు, ఆ ఖాళీ నేల చూసిన తర్వాత ఇంక కోప్పడాల్సిన పని కూడా లేదు.

*

అన్నిటికంటే నాకు ప్రాణం, వైశాల్యం కొలిచే ప్లానిమీటర్. నీలం వెల్వెట్ పరిచిన పెట్టెలో రెండు చేతుల ఇత్తడి పరికరం. ఒక చేయి చివర బరువు, దాని కింద చిన్న సూది, అది కాగితంలో గుచ్చుకుని కదలకుండా ఉంటుంది. రెండో చేయి చివర ఇంకో మొన, దాన్ని మనం మ్యాపు మీద సరిహద్దు గీత వెంట నడిపించాలి. ఆ చేతికి ఒక చిన్న చక్రం, చక్రం మీద సన్నటి గీతలు. స్విట్జర్లాండ్‌కు చెందిన యాకోబ్ ఆమ్స్లర్ 1854లో చేసిన ఉపాయం అది.

వంకర టింకర చెరువు గట్టు కానివ్వండి, పొలం గట్టు కానివ్వండి, బయలుదేరినచోట పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున గీత వెంట నడిపించి మళ్ళీ ఆ గుర్తు దగ్గరికే రావాలి. ఊపిరి బిగబట్టి నడిపేవాళ్ళం. చక్రం కాస్త దొర్లుతుంది, కాస్త పక్కకు జారుతుంది, ఒక్కోసారి వెనక్కి తిరుగుతుంది. కాగితం మీద అది చేసే గరగర చప్పుడు చెవి దగ్గర పెడితే తప్ప వినపడదు. చుట్టు పూర్తయ్యేసరికి చక్రం నికరంగా ఎంత తిరిగిందో, ఆ ఆకారం వైశాల్యం సరిగ్గా దానికి అనులోమానుపాతంలో ఉంటుంది. చుట్టుకొలత నడిస్తే వైశాల్యం చెప్పే వస్తువు! దాని వెనకున్న గణితం తర్వాత చదువుకున్నాను, అయినా ఆశ్చర్యం తగ్గలేదు.

మా దానిలో చిన్న గీత ఒక్కటి కాగితం మీద 0.1 చదరపు సెంటీమీటరు. మ్యాపు స్కేలు 2,500కి ఒకటైతే కాగితం మీద సెంటీమీటరు నేల మీద 25 మీటర్లు, చదరపు సెంటీమీటరు 625 చదరపు మీటర్లు. అంటే చిన్న గీత ఒక్కటి 62.5 చదరపు మీటర్లు, 0.00625 హెక్టార్లు, 0.01544 ఎకరాలు. చక్రం గీతల నుంచి సెంటీమీటర్లకు ఒక గుణకం, అక్కడి నుంచి నేలకు ఒకటి, మీటర్ల నుంచి హెక్టార్లకు ఒకటి, హెక్టార్ల నుంచి ఎకరాలకు ఇంకొకటి. నాలుగింటినీ గుణించేస్తే ఒక్కటే మిగిలింది. 1,284 గీతలు వస్తే 0.01544తో ఒక్క గుణకారం, 19.8 ఎకరాలు. మధ్యలో ఎన్ని మెట్లున్నా, ప్రతి మెట్టూ మూల నుంచి బయలుదేరిన గీతే అయితే మొత్తం కలిపినా మూల నుంచి బయలుదేరిన గీతే అవుతుందని నాకు అక్కడ అర్థమైంది.

గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో కాగితం ఉబ్బేది. అప్పుడు గురువుగారు మ్యాపు మీదే అచ్చువేసి ఉన్న పది సెంటీమీటర్ల గడి చుట్టూ ముందు ఒకసారి తిప్పమనేవారు. వెయ్యి గీతలు రావాలి. ఒకరోజు 1,012 వచ్చాయి. పొడవులో నూటికి అర కంటే కాస్త ఎక్కువ ఉబ్బితే చాలు, వైశాల్యంలో దానికి రెట్టింపు తేడా వచ్చేస్తుంది. "మ్యాపును తిట్టుకోకు, గుణకం సర్దుకో" అన్నారు. 0.01544ను 1.012తో భాగించి 0.01526 అని అట్టమీద రాసి, కింద తేదీ వేశారు. సాయంత్రానికి ఎండ కాసి కాగితం మళ్ళీ ముడుచుకుంటే ఆ అంకె కొట్టేసేవారు. స్థిరాంకం అంటే ఎప్పటికీ మారనిది అనుకునేవాణ్ణి. ఆ లెక్క నడుస్తున్నంతసేపూ మారనిది అని అర్థం.

*

ఆయన బల్ల పక్కన గోడకు ఒక అట్ట వేలాడేది, చేతిరాతతో గుణకాలన్నీ. ఎకరానికి 4,840 చదరపు గజాలు, 43,560 చదరపు అడుగులు, 4,046.86 చదరపు మీటర్లు. చదరపు మైలుకు 640 ఎకరాలు. 43,560 లాంటి అంకె ఎవరికి తోచిందండీ అని ఒకసారి విసుక్కున్నాను. గొలుసు కథ చెప్పారు. 1620లో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషాయన భూమి కొలవడానికి 66 అడుగుల గొలుసు పెట్టాడు, వంద లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అడుగుల్లో చూస్తే చిందరవందరగా ఉన్న గుణకం గొలుసుల్లో చూస్తే పది. పొలంలో కొలిచినవాడు దశాంశ బిందువును ఒక స్థానం జరిపితే ఎకరాలు చేతికొచ్చేవి. గుణకం అందంగా ఉండేలా కొలతనే తయారు చేసుకున్నాడన్నమాట. అప్పటి నుంచి ఆ అంకె మీద నా విసుగు పోయింది.

అట్ట మీద చదరపు గజానికి ఎదురుగా 0.83612736 చదరపు మీటరు అని పూర్తిగా రాసి ఉండేది. అదొక్కటే ఎందుకంత పొడుగ్గా అంటే, అది సుమారు అంకె కాదు. 1959లో ఆరు దేశాలు కలిసి గజం అంటే కచ్చితంగా 0.9144 మీటరు అని ఒప్పుకున్నాయి, దాని వర్గమే ఇది, అక్కడితో ఆగుతుంది, ఇంక దశాంశాలు లేవు. అంతకు ముందు దేశానికో గజం, వెంట్రుకవాసి తేడాతో.

*

గుణకం ఒకసారి పట్టుకుంటే చాలు అన్న మాటను చేత్తో తాకి చూడాలంటే స్లైడ్ రూలే, పట్టీ జరిపి గుణకారాలు చేసే స్కేలు. సీ అనే స్కేలు ఉన్న మధ్య పట్టీని జరిపి దాని 1ని, కింద డీ స్కేలు మీద 2.471 ఎదురుగా పెడితే, ఇక పట్టీని ముట్టుకోనక్కర్లేదు. సీ మీద ఎక్కడ చూసినా హెక్టార్లు, దాని కింద ఎకరాలు. 2 కింద 4.94, 3 కింద 7.41, 4 కింద 9.88. 5 దగ్గరికొచ్చేసరికి డీ అయిపోతుంది, అప్పుడు కుడిచివర 1తో మళ్ళీ పెట్టుకోవాలి, అదొక్కటే ఇబ్బంది. గుణకం పట్టీ ఉన్న చోటులో ఉంటుంది. గీత ఉన్న గాజుబిళ్ళను అటూ ఇటూ జరుపుకుంటూ నలభై అంకెల పట్టికను మనిషి చదువుతుంటే ఇంకొకరు రాసుకునేవాళ్ళం, చదివే గొంతు, రాసే పెన్ను, అంతే చప్పుడు. ఒక్క సంగతి మాత్రం అది చెప్పదు. దశాంశ బిందువు ఎక్కడో మనమే తెలుసుకోవాలి. 3కీ 30కీ 300కీ దానికి తేడా లేదు. అందుకే ముందు నోటితో అంచనా చెప్పాకే రూలు పట్టుకోనిచ్చేవారు.

1972లో హెచ్‌పీ-35 అనే చేతి కాలిక్యులేటర్ వచ్చి స్లైడ్ రూళ్ళ కాలానికి తెర దించేసింది, మా దగ్గరికి కాలిక్యులేటర్లు తర్వాత మెల్లగా వచ్చాయి. పని తేలికైంది, కాదనను. కానీ పక్క బోర్డు కుర్రాడు ప్రతి అంకెకూ 2.471 మళ్ళీ మళ్ళీ నొక్కుతుంటే నాకు ఆ పెన్సిల్ సున్నాల కాగితం గుర్తొచ్చేది. గురువుగారి బల్ల మీద మాత్రం రెండూ ఉండేవి.

*

ఆయన పోయారని నాకు ఆలస్యంగా తెలిసింది. వాళ్ళబ్బాయి ఇంటికొచ్చి, "నాన్నగారు మీకిమ్మన్నారండీ" అని ఒక పొడుగాటి తోలు ఒర చేతిలో పెట్టి వెళ్ళాడు. అప్పుడు తెరవలేకపోయాను. బీరువాలో పెట్టేశాను. మొన్న ఆ అమ్మోనియా వాసన తగిలాక తీశాను.

తోలు గట్టిపడిపోయింది, మూత బొత్తాం పచ్చగా చిలుము పట్టింది. లోపల స్లైడ్ రూల్ మాత్రం నున్నగా, ఆయన బొటనవేలు పడేచోట కాస్త పసుపెక్కి ఉంది. పట్టీ రెండు 1లూ కలిసే చోట లేదు. సీ మీది 1, డీ మీద 1.196 ఎదురుగా ఉంది. చదరపు మీటర్లను చదరపు గజాల్లోకి మార్చే గుణకం. గాజుబిళ్ళ గీత సీ మీద 1-6-5 దగ్గర ఆగి ఉంది, దాని కింద 1-9-7. ఆఖరిసారి ఆయన చూసింది 165 చదరపు మీటర్ల ఇల్లా, పదహారున్నర మీటర్ల గదా, 1,650 మీటర్ల తోటా, చెప్పడానికి వీల్లేదు. దశాంశ బిందువు ఆయన మనసులో ఉంది.

పట్టీని అలాగే ఉంచి గాజుబిళ్ళను మాత్రం మెల్లగా జరిపాను. 2 కింద 2.39. 5 కింద 5.98. 8 కింద 9.57.